దానమా? డొనేషనా?

మన పట్టణములలో ఇంగ్లీషు మాటలు తమ పుట్టింటి యర్థములను మఱచి తిరుగుట క్రొత్త గాదు. కాని ‘డొనేషను’ అను మాటకు పట్టినంతటి దుర్గతి మఱియే మాటకును పట్టియుండదు. తన యిష్టముచే, ప్రతిఫలము గోరక, ఒకడు విద్యాలయమున కిచ్చు ధనమునకు అది పేరు. మన యిండ్లలో దాని యర్థము వేఱు. కుమారునకో కుమార్తెకో కంప్యూటరు ఇంజనీరింగులో నొక సీటు సంపాదింపవలెనన్న, ఎకరము పొల మమ్మియో, తల్లి మెడలోని గొలుసు కుదువబెట్టియో, రసీదు లేకుండ కళాశాల యజమానికి చెల్లించు సొమ్మునకు డొనేషనని పేరు. ఇచ్చువాడు దాత కాడు. పుచ్చుకొనువాడు యాచకుడు కాడు. ఇరువురి నడుమ జరిగినది బేరము.

ఈ బేరమును నిషేధించుచు ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1983లోనే చట్టము చేసినది. 1993లో ఉన్నికృష్ణన్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు విద్య వర్తకము కారాదని తీర్పు చెప్పెను. ఆ వ్యాజ్యమున ప్రతివాది మన రాష్ట్రమే యగుట గమనింపదగినది. ఆ తీర్పు నిర్ణయించిన ప్రవేశ విధానమును 2002లో మఱియొక తీర్పు తొలగించినను, క్యాపిటేషను రుసుము తప్పన్న మాట మాత్రము చెక్కుచెదరలేదు. చట్టమును, తీర్పును ఉన్నవి. బేరమును ఉన్నది. దీనినిగూర్చి పత్రికలు వ్రాయని సంవత్సరము లేదు. మేమును వ్రాసి వ్రాసి విసిగితిమి. నేడు మేము చెప్పదలచినది ఆ దొంగ డొనేషనును గూర్చి కాదు, అసలు దానమును గూర్చి.

అసలు దానము దేశమున లేకపోలేదు. 2023 జూన్ నెలలో నందన్ నిలేకనిగారు, తాము 1973లో విద్యార్థిగా చేరిన బొంబాయి ఐ.ఐ.టి.కి 315 కోట్ల రూపాయల నిచ్చిరి. అంతకు మున్నిచ్చిన 85 కోట్లతో గూడి అది 400 కోట్లైనది. 2024 ఆగస్టులో మన బాపట్లకు చెందిన కృష్ణ చివుకులగారు మద్రాసు ఐ.ఐ.టి.కి 228 కోట్లిచ్చిరి. 1970లో ఆ విద్యాలయమున వైమానిక ఇంజనీరింగు పట్టము పొందిన యీయన, తాను చదివిన చోటి ఋణమును తీర్చుకొనెను. తెలుగువా డొకడు ఇంత దానము చేసెనన్న వార్త చదివి మేము సంతసించితిమి. అందు కొంచెము గర్వము లేదని చెప్పజాలము. తల్లికి పెట్టినవానిని, పిన్నతల్లి కేల పెట్టవైతివని యడుగుట మర్యాద కాదు గనుక, ఆ దాతలను మేమేమియు ననము.

అయినను లెక్క లెక్కయే. ఐ.ఐ.టి.లు కేంద్రప్రభుత్వపు పోషణలో నున్నవి. వాని పట్టభద్రులు అమెరికాలోను బెంగుళూరులోను ధనవంతులై, సంఘములు నెలకొల్పుకొని, నిధులు కూర్చుచున్నారు. వర్షము నిండిన చెరువుమీదనే కురియుచున్నది. మన తెలుగు బిడ్డలలో నూటికి ఎందఱు ఐ.ఐ.టి.ల గడప త్రొక్కుచున్నారు? తక్కినవారందఱు చదువునది రాష్ట్ర విశ్వవిద్యాలయముల యందును, వాని యనుబంధ కళాశాలల యందును గదా! ఆంధ్ర, ఉస్మానియా, వేంకటేశ్వర, కాకతీయ, జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయములు చిక్కినచో మన ఇంజనీరు విద్య యంతయు చిక్కినట్లే. అచ్చట ఆచార్యులు పదవీవిరమణ చేసిన, ఆ కుర్చీలు ఏండ్లతరబడి ఖాళీగానే యుండుచున్నవి. ఒప్పందపు టధ్యాపకులును, గంటకింతయని కూలికట్టుకొన్న అతిథి అధ్యాపకులును ఆ బరువు మోయుచున్నారు. కంప్యూటరు శాస్త్రమున ఈ కఱవు మఱింత హెచ్చు. చక్కగ పాఠము చెప్పగల యువకునకు హైదరాబాదులోని కంపెనీ ఇచ్చు జీతముతో విశ్వవిద్యాలయపు జీతము పోటీపడజాలదు. సీట్లలో పెద్దపాలు కంప్యూటరు శాఖలకే పెంచుకొనుచు, వానికి గురువులను మాత్రము పెంచుకొనకున్నాము.

పూర్వము మనవా రిట్లు చేయలేదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో స్థాపితమైనది. ఈ 2026తో దానికి నూఱేండ్లు. వాల్తేరు కొండలపై అందు శాస్త్ర సాంకేతిక కళాశాల నెలకొల్పబడినపుడు, దానిని నిలబెట్టినవారిలో అగ్రగణ్యులు జయపురాధీశులగు విక్రమదేవవర్మ మహారాజుగారు. వారు తెలుగునను ఒరియాయందును పండితులు. ఆయన యొకసారి సొమ్మిచ్చి, శిలాఫలకము వేయించుకొని, ఛాయాపటము తీయించుకొని వెడలినవారు కారు. ఏటేట లక్ష రూపాయలిచ్చు నేర్పాటు చేసిరి. ఆనాటి లక్ష యెంతటిదో పాఠకులే యూహింపవచ్చును. అందలి తెలివి మొత్తములో గాక ‘ఏటేట’ అను మాటలో నున్నది. విద్యాలయమునకు ఆకలి యొకనాటిది కాదు గదా!

దాతలు రాజులే కానక్కఱలేదు. 1910లో మచిలీపట్టణమున కోపల్లె హనుమంతరావుగారును వారి మిత్రులును స్థాపించిన ఆంధ్ర జాతీయకళాశాల ప్రజల చందాలతో నడచినది. పుస్తకపు చదువుతోపాటు చేతిపనులను సాంకేతిక విద్యను నేర్పవలెనని దాని సంకల్పము. బెంగుళూరిలోని విజ్ఞానసంస్థ వలె దానికి జంషెడ్జీ టాటా లేడు. 1898లో 30 లక్షల విలువగల యాస్తి నిచ్చెదనని ముందునకు వచ్చిన ఆ మహనీయుడు 1904లో కన్నుమూసెను. 1909లో గాని సంస్థ ఏర్పడలేదు. తాను నాటిన విత్తు మొలచుట చూడకయే పోయెను. మైసూరు సంస్థానము 371 ఎకరముల భూమినిచ్చి దానిని నిలిపినది. ధనికుడును, రాజ్యమును, చందాదారుడును, మువ్వురును కలసిననే ఇట్టి పనులు సాగినవి.

నేడు దానము చేయదలచువారు దేనికి చేయవలెను? ఇచ్చట మాకొక యనుభవము కలదు. మేమెఱిగిన యొక విశ్వవిద్యాలయమునకు కొన్ని యేండ్ల క్రిందట పోయియుంటిమి. కంప్యూటరు ప్రయోగశాల ద్వారమునకు ప్రక్కన పాలఱాతిపై దాత పేరు బంగారు టక్షరములతో మెఱయుచుండెను. లోపల నలువది యంత్రములకు ముసుగులు వేసియున్నవి. ఎన్ని పనిచేయునని యడుగగా, తాళముచెవుల గుత్తితో వచ్చిన యుద్యోగి కొంచెము సిగ్గుపడి, పదునొకండని చెప్పెను. మరమ్మతునకు పద్దు లేదట; విద్యుత్తు పోయినపుడు ఆదుకొను బ్యాటరీలు చచ్చి రెండేండ్లైనవట. ఆ గదిలో ఒక బాలిక తన సొంత పాత ల్యాప్‌టాపును మోకాళ్లపై పెట్టుకొని పని చేసికొనుచుండెను. ఏనుగు నిచ్చి యంకుశమునకు తగవులాడినట్లు, లక్షల యంత్రములిచ్చి వేల మరమ్మతునకు ఎవరును లేకపోయిరి. కంప్యూటరు గుడిలోని గంట వంటిది కాదు, ఐదాఱేండ్లకు ముసలిదగును. దానిని దానము చేయుట సగము పని. దానికి నూనె పోయు దీక్ష తక్కిన సగము.

కావున మా మతమున యంత్రముకన్న గురువు మేలు, భవనముకన్న శాశ్వతనిధి మేలు. శాశ్వతనిధి యనగా అసలు కదల్పక, వడ్డీతోనే కార్యము నడుపుట. లెక్క వేసి చూతము. ఏడవ వేతన సవరణ ప్రకారము ఆచార్యుని మూలవేతనము నెలకు 1,44,200 రూపాయలతో ఆరంభమగును. ఏడాదికి 17 లక్షల 30 వేలు. నూటికి ఏడు వడ్డీ వచ్చునన్న, దీనికే సుమారు రెండున్నర కోట్ల నిధి కావలెను. కరువుభత్యము మొదలగునవి చేర్చి, ధరలు పెరుగుటకై వడ్డీలో కొంత మరల అసలులో కలుపుచు పోయిన, అయిదు కోట్లైనను చాలినంతయని చెప్పలేము. అయినను ఒక పెద్ద భవనమునకగు వ్యయములో ఇది యెన్నవవంతు? ఇట్టి పీఠము కంప్యూటరు శాస్త్రమున ఒకటి నిలిచినచో, దాని నీడన పరిశోధక విద్యార్థులు నలుగురు బ్రతుకుదురు. వారిలో ఇద్దఱైన గురువులగుదురు.

ఆ విశ్వవిద్యాలయములకిచ్చిన సొమ్ము బూడిదలో పోసిన పన్నీరని పెదవి విఱచువారు కలరు. ఉపకులపతి మాఱినపుడెల్ల పద్ధతి మాఱు ననియు, రాజకీయములు చొచ్చిన ననియు, లెక్కలు చూపువాడు లేడనియు వారి వాదము. ఇందు నిజము లేదని మేమనము. అందుచేతనే నిధి వేఱుగ నుండవలెను. పూర్వవిద్యార్థులును, అధ్యాపకులును, బయటి గణకుడును కూర్చున్న ధర్మకర్తల సంఘము చేతిలో నుండవలెను. ఏటేట లెక్కలు అచ్చువేసి ఊరూర పఠనమందిరముల బల్లలపై నుంచవలెను. దాత పేరు పీఠమునకు పెట్టుడు, అభ్యంతరము లేదు. పీఠమున నెవరు కూర్చుండవలెనో, ఏ పాఠము చెప్పవలెనో, ఎవరి పిల్లలకు సీటీయవలెనో దాత చెప్పరాదు. ఆ గీటు దాటిన క్షణమున దానము మరల డొనేషను అగును.

ప్రభుత్వమువారికిని ఒక మాట. దాత వచ్చెను గదాయని వార్షిక గ్రాంటు నుండి అంత సొమ్ము కోసివేయుట మన ఖజానావారికి సహజమైన బుద్ధి. అట్లు చేసిన, దాత ఇచ్చినది విద్యార్థికి గాక ఖజానాకు చెందును. రెండవ దాత రాడు. 2013 నాటి కంపెనీల చట్టము పెద్ద కంపెనీలు తమ సగటు లాభములో నూటికి రెండు వంతులు లోకోపకారమునకు వెచ్చింపవలెనని విధించెను. ప్రభుత్వ విశ్వవిద్యాలయముల పరిశోధనలకును అందులో నుండి ఈయవచ్చునని 2019లో నియమము విస్తరింపబడినది. మన బిడ్డల తెలివితో లాభము గడించు కంపెనీలు హైదరాబాదు నిండ నున్నవి. వారి తలుపు తట్టుటకు మన విశ్వవిద్యాలయములలో నొక గుమాస్తానైనను నియమించినవా?

కంపెనీలు వచ్చువఱకు ఊరకుండనేల? ఆంధ్ర విశ్వకళాపరిషత్తున చదివి దేశవిదేశముల నున్నవారు వేనవేలు కలరు. అందు పదివేలమంది ఏటికి వెయ్యేసి రూపాయలిచ్చిన కోటి యగును. అయిదేండ్లలో ఒక ఆచార్యపీఠమునకు మూలధన మగును. వెయ్యి రూపాయలు నేడు కుటుంబముతో హోటలున చేయు నొక్కపూట భోజనపు వెల. శతవత్సరోత్సవమునకు పందిళ్లు, ఉపన్యాసములు, సన్మానపు శాలువలు ఎటులును కలవు. ఆ పందిట ఒక మూల చిన్నబల్ల వేసి, రసీదు పుస్తకముతో నొకనిని కూర్చుండబెట్టవలెనని పరిషత్తువారిని కోరుచున్నాము. మొదటి రసీదు మా పత్రిక కార్యాలయము పేర వ్రాయవచ్చును.