బీరువా ‘సామాను’... అందులోని నగలు?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌ మునిగినప్పుడు చాలా ఇళ్ల గోడలు నిలబడే ఉన్నాయి. పోయింది ఫ్రిజ్జు, టీవీ, పరుపులు, బీరువా అడుగు అరలోని పట్టుచీరలు. ఇల్లు మిగిలినా సంసారం నీళ్లపాలైంది.

గృహబీమా అనగానే చాలామందికి గోడలు, కప్పే గుర్తొస్తాయి. 2021 ఏప్రిల్‌ నుంచి సాధారణ బీమా కంపెనీలు అమ్ముతున్న ‘భారత్‌ గృహ రక్ష’ పాలసీ సామానుకూ వర్తిస్తుంది. ఇంటికి ఎంత బీమా చేయిస్తే అందులో 20 శాతం, గరిష్ఠంగా రూ.10 లక్షల వరకు సామానుకు దానంతటదే వస్తుంది. ఇంటికి రూ.30 లక్షలైతే సామానుకు రూ.6 లక్షలన్నమాట. చాలదనుకుంటే వివరాలిచ్చి పెంచుకోవచ్చు. అద్దెకున్నవారు గోడల సంగతి యజమానికి వదిలేసి, తమ సామానుకే పాలసీ తీసుకోవచ్చు.

ఇంతకీ సామాను అంటే? సోఫాలు, వంటింటి సరంజామా, కంప్యూటర్లు, బట్టలు... గోడలోని వైరింగ్‌ ఇంటి లెక్క. అదే గోడకు బిగించిన ఫ్యానేమో సామాను లెక్క!

చిక్కంతా బీరువా దగ్గరే. బీరువా సామానే, చీరలూ సామానే. లోపలి అరలోని గొలుసు, వెండి కంచం మాత్రం ‘విలువైన వస్తువులు’. వాటికి అదనపు ప్రీమియం కట్టి విడిగా రాయించాలి. మొత్తం విలువ రూ.5 లక్షల లోపుండి, ఏ ఒక్కటీ రూ.లక్ష దాటకపోతే విలువ ధ్రువపత్రం అడగరు. నేటి బంగారం ధరలో ఓ మోస్తరు హారమే ఆ లక్ష దాటేస్తుందనుకోండి! చీర మడతల్లో దాచిన నోట్లు, బంగారు బిస్కెట్లు, దస్తావేజులు పాలసీలో ప్రత్యేకంగా రాసుంటే తప్ప లెక్కలోకి రావు. వాకిట్లోని స్కూటరుకు వాహన బీమాయే దిక్కు.

ఎక్కువమంది పొరబడేది దొంగతనం విషయంలో. వరదో అగ్నిప్రమాదమో జరిగి, దాని కారణంగా ఏడు రోజుల్లోపు వస్తువులు చోరీ అయితేనే ఇందులో పరిహారం ఇస్తారు. పెళ్లికని ఊరెళ్లినప్పుడు తాళం పగలగొట్టి దోచుకుపోతే పైసా రాదు. అందుకు బర్గ్లరీ కవర్‌ విడిగా ఉండాలి. సంతకానికి ముందే ఏజెంటును అడగాల్సిన ముక్క ఇది.

ఏమేం పోయాయో చూపించాల్సింది ఇంటివాళ్లే. ఏడాదికోసారి గదిగదికీ ఫొటోలు తీసి, బిల్లులు కూడా ఫొటో తీసి, వేరే ఊళ్లో ఉన్న అబ్బాయికో అమ్మాయికో పంపి ఉంచాలి. బిల్లులను ఆ బీరువాలోనే పెడితే అవీ చీరలతోపాటే నానిపోతాయి.