గుర్రానికి పేరుంది, మరి మనిషికి?

పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ఒకేసారి నేలను వదులుతాయా? కంటితో తేల్చలేని ఈ ప్రశ్నకు ఫోటో జవాబు చెప్పింది. 1878 జూన్‌లో అమెరికాలోని పాలో ఆల్టోలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ పందెం బాట పక్కన 12 కెమెరాలు వరసగా పెట్టాడు. బాటకు అడ్డంగా కట్టిన దారాలు గుర్రం కాళ్లకు తగిలి తెగుతుంటే కెమెరాలు ఒకదాని వెంట ఒకటి పనిచేశాయి. నాలుగు కాళ్లూ గాల్లో ఉంటాయని రుజువైంది. అయితే చిత్రకారులు గీసినట్టు కాళ్లు చాచినప్పుడు కాదు, పొట్ట కిందకు ముడిచినప్పుడు!

తర్వాత ఆయన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జంతువులు, మనుషుల కదలికలను ఫోటోలు తీసి 1887లో 781 చిత్రఫలకాలుగా ప్రచురించాడు. అచ్చుకు ముందు సరిచూసుకోవడానికి సయనోటైప్ ప్రతులు తీసుకున్నాడు. ఈ పద్ధతిని 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టాడు. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్ ద్రావణాలను కలిపి కాగితానికి పూయాలి. చీకట్లో ఆరబెట్టి, పైన నెగెటివ్ పెట్టి ఎండలో ఉంచి, నీళ్లలో కడిగితే నీలిరంగు బొమ్మ వస్తుంది. ఇంజనీర్ల బ్లూప్రింట్ కూడా ఇలా పుట్టిందే.

ఆ నీలి ప్రతులు 800కు పైగా నేడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉన్నాయి. అచ్చయిన ఫలకాలతో పోల్చి చూస్తే, కొన్ని వరసల్లో మైబ్రిడ్జ్ బొమ్మలను కత్తిరించి, అంకెలు మార్చి కూర్చాడని తెలిసింది. అందుకే చేత్తో తీసిన మొదటి ప్రతిని పారేయకూడదని మేమంటాం. అది సాక్ష్యం.

కానీ మొదటి ప్రతి కూడా చెప్పలేనిది ఒకటుంది. 626వ ఫలకంలో దౌడు తీసే గుర్రం పేరు ఆనీ జి. దాని మీద కూర్చున్నది ఒక నల్లజాతి రౌతు. గుర్రం పేరు అచ్చయింది. రౌతు పేరు అచ్చు కాలేదు. ఆయనెవరో నేటికీ తెలియదు.

పరిశోధన గుర్రం గురించి కదా, రౌతు పేరెందుకు అని ఎవరైనా అడగవచ్చు. మరి 1878 నాటి కార్డు మీద శాలీ గార్డనర్ అనే గుర్రం పేరుతో పాటు యజమాని స్టాన్‌ఫర్డ్ పేరు, రౌతు డామ్ పేరు కూడా వేశారే! వేయాలనుకుంటే చోటు దొరుకుతుంది. చోటు లేక కాదు, అవసరమని అనుకోక వదిలేశారు.

మిత్రులారా! వార్షికోత్సవాల్లో తీసే గ్రూపు ఫోటోల కింద ‘ఎడమ నుంచి కుడికి కూర్చున్నవారు’ అని ముఖ్య అతిథి, వార్డెన్ గార్ల పేర్లు వేస్తాం. వేయవలసిందే. తెల్లవారకముందే లేచి మనకు వండిపెట్టే వంటవాళ్ల పేర్లు, కమాటీల పేర్లు, రాత్రంతా మేలుకునే వాచ్‌మన్ పేరు కూడా వేయాలని మా అభిప్రాయం. నిలబడ్డ చివరి వరసలోని ఆరో తరగతి తమ్ముళ్ల పేర్లు కూడా ఒక్కటీ తప్పకూడదు. వందేళ్ల తర్వాత ఫోటో చూసినవాళ్లు ‘ఈయనెవరో తెలియదు’ అనకూడదు. దానికి ఖర్చయ్యేది రెండు పంక్తుల సిరా మాత్రమే.