బిల్లు లేనివాళ్లకు చట్టం ఎక్కడ?

గరాచర్మలో నాదొక చిన్న జిరాక్స్ షాపు. ఆధార్ కాపీలు, ఓడ టికెట్లు, ఆన్‌లైన్ దరఖాస్తులు, రోజంతా ఇదే పని. ఈ రెండేళ్లలో దానికి ఇంకొకటి తోడైంది. "అన్నా, యాప్‌లో పాత ఫోన్ కొన్నాను, ఆన్ అవడం లేదు, ఎవరికి రాయాలి?" అంటూ నెలకు ఇద్దరు ముగ్గురైనా వస్తున్నారు. మొదట్లో నాకూ తెలిసేది కాదు. నా నెత్తిన పడ్డాక నేర్చుకున్నాను.

మా అమ్మాయి డిగ్రీలో చేరినప్పుడు ల్యాప్‌టాప్ కావాలంది. కొత్తది కొనే స్తోమత లేదు. పాత వస్తువులు అమ్మే ఒక యాప్‌లో, చెన్నై నుంచి అమ్ముతున్న మనిషి దగ్గర 18,500 రూపాయలకు ఒకటి కొన్నాను. ప్రకటనలో "కొత్తదానిలా ఉంది, 8 జీబీ ర్యామ్, బ్యాటరీ నాలుగు గంటలు వస్తుంది" అని రాసి ఉంది. బ్యాటరీ ఉన్న వస్తువు కాబట్టి విమానంలో తీసుకోమన్నారు. ఓడలో వచ్చి నా చేతికి అందేసరికి పంతొమ్మిది రోజులు. తెరిస్తే ర్యామ్ 4 జీబీ. బ్యాటరీ ఇరవై నిమిషాలు. మూత దగ్గర విరిగిన ముక్కను జిగురుతో అంటించారు. అమ్మాయి ఏమీ అనలేదు. "చార్జర్ పెట్టుకునే వాడుకుంటాలే నాన్నా" అంది. ఆ మాటే నన్ను ఎక్కువ బాధ పెట్టింది. తక్కువదానితో సర్దుకుపోవడం మన పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు.

అమ్మినవాడికి మెసేజ్ పెడితే "పాత సామాను అంటే అలాగే ఉంటుంది సార్" అన్నాడు. యాప్‌లో ఫిర్యాదు చేస్తే ఏడు రోజుల గడువు దాటిందన్నారు. గడువు లెక్క ఎక్కడ మొదలైందంటే, కొరియర్‌వాడు పోర్ట్‌బ్లెయిర్ గోడౌన్‌లో సరుకు దించి "అందజేశాం" అని నొక్కిన రోజు నుంచి. (2024 సెప్టెంబర్‌లో ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు, మా నోటికి ఇంకా పోర్ట్‌బ్లెయిరే వస్తోంది.) వెనక్కి పంపుతానంటే 744తో మొదలయ్యే పిన్‌కు వెనక్కి తీసుకునే సౌకర్యం లేదన్నారు. చివరికి వచ్చిన జవాబు: మాది కొనేవాళ్లనూ అమ్మేవాళ్లనూ కలిపే వేదిక మాత్రమే, మీ లావాదేవీతో మాకు సంబంధం లేదు.

సంబంధం లేనివాళ్లు నా దగ్గర "రక్షణ రుసుము" పేరుతో 149 రూపాయలు ఎందుకు తీసుకున్నారో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

అప్పుడు చట్టం తెరిచాను. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో వచ్చింది, 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. అందులో "లోపం" అంటే ఏమిటో చెప్పే నిర్వచనం నాకు చాలా నచ్చింది. చట్టప్రకారం ఉండాల్సిన నాణ్యత లేకపోవడమే కాదు, వ్యాపారి ఏ రూపంలోనైనా చెప్పుకున్న నాణ్యత లేకపోయినా అది లోపమే. అంటే వస్తువు పాతదా కొత్తదా అన్నది కాదు ప్రశ్న. అమ్మేటప్పుడు నువ్వు ఏం చెప్పావు? ఎనిమిది అన్నావు, నాలుగు వచ్చింది. "పాత సామాను అలాగే ఉంటుంది" అన్న మాట అక్కడే చెల్లకుండా పోతుంది. బిల్లులో గడువు ఏదీ రాయకపోతే, లోపమున్న వస్తువును ముప్పై రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వనంటే అది అనుచిత వ్యాపార పద్ధతి అని కూడా అదే చట్టం చెబుతుంది. అసలు బిల్లే ఇవ్వకపోవడమూ అనుచితమే.

2020 జూలైలోనే ఈ-కామర్స్ నియమాలు వచ్చాయి. ప్రతి ఆన్‌లైన్ సంస్థ ఒక ఫిర్యాదుల అధికారిని పెట్టాలి. ఆయన 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. చెప్పిన లక్షణాలు లేని వస్తువును అమ్మకందారు వెనక్కి తీసుకోనంటే కుదరదు. ఆ అధికారి పేరు, చిరునామా యాప్‌లో ఉండాలి. ఉన్నాయి కూడా, ఏడు తెరలు దాటి అట్టడుగున.

అయితే ఈ నియమాల మొదట్లోనే ఒక మినహాయింపు ఉంది. వ్యాపారంగా, క్రమం తప్పకుండా కాకుండా సొంత హోదాలో ఎవరైనా మనిషి అమ్ముకుంటే ఈ నియమాలు వర్తించవు. న్యాయంగానే కనిపిస్తుంది. ఇంట్లో వాడని మిక్సీ అమ్ముకునే అమ్మ మీద కంపెనీ మీద పెట్టినన్ని బాధ్యతలు పెట్టలేం. కానీ నాకు ల్యాప్‌టాప్ అమ్మినవాడు కూడా ఆ అమ్మ కొంగు చాటునే దాక్కున్నాడు. "నాది సొంత వస్తువు, నేను వ్యాపారిని కాను" అన్నాడు. అతని ఖాతా తెరిచి చూస్తే ఇంకో ముప్పై ఎనిమిది ల్యాప్‌టాప్‌లు అమ్మకానికి ఉన్నాయి, అన్నీ ఒకే టేబుల్ మీద తీసిన ఫొటోలు. నేను చేసిన తెలివైన పని ఒక్కటే, ఆ రాత్రే కూర్చుని అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీశాను. మర్నాడు అతను సగం ప్రకటనలు తీసేశాడు.

1915కు ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు నమోదు చేశారు. అది రాజీ కుదిర్చే హెల్ప్‌లైనే, తీర్పు చెప్పదు. రాజీ కుదరలేదు. ఆ తర్వాత ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా కమిషన్‌కు కేసు వేశాను. లాయర్‌ను పెట్టుకోలేదు. అయిదు లక్షల లోపు ఫీజు లేదు. సంఘటన జరిగిన రెండేళ్లలోపు వేయొచ్చు. అన్నిటికంటే ముఖ్యం, కొన్నవాడు ఉండే చోటే వేయొచ్చు. 1986 నాటి పాత చట్టం ప్రకారమైతే, అవతలివాడు ఉన్న చోటు గానీ వ్యవహారం జరిగిన చోటు గానీ వెతుక్కుని, బహుశా చెన్నై ఓడ ఎక్కాల్సి వచ్చేది. 18,500 కోసం ఎవడు ఎక్కుతాడు? ద్వీపాల్లో ఉన్నవాడికి ఈ ఒక్క మార్పే సగం న్యాయం.

రెండో వాయిదాలో అవతలి లాయర్ వీడియోలో కనిపించి, రాజీకి వస్తామన్నాడు. ల్యాప్‌టాప్ ఖరీదు, రానుపోను కొరియర్ ఖర్చు కలిపి 19,700 ఇచ్చారు. మానసిక వేదనకు అడిగిన పరిహారం వదిలేశాను. నా మిత్రులు తిట్టారు, వదలకూడదని. వాళ్లు చెప్పిందే సబబేమో. కానీ అమ్మాయి పరీక్షలు దగ్గరపడ్డాయి, నాకు ఆ డబ్బు ఆ నెలలోనే కావాలి. న్యాయం కోసం ఆగగలగడం కూడా ఒక ఆస్తే.

నా కథ ఇంతటితో సుఖాంతం. ఇప్పుడు అసలు విషయానికొస్తాను. మా వీధిలో శ్రీకాకుళం నుంచి వచ్చిన తాపీ మేస్త్రీ ఉన్నాడు. నన్ను "బావా" అంటాడు. ఆయన అదే రకం యాప్‌లో ప్రకటన చూసి, పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఒక కుర్రాడిని కలిసి, 6,500 ఫోన్‌పేలో కొట్టి ఫోన్ తెచ్చుకున్నాడు. నెల తిరక్కుండా పోలీసుల నుంచి ఫోన్. అది పోగొట్టుకున్నవాళ్లు ఫిర్యాదు చేసిన ఫోన్. సిమ్ వేయగానే నెట్‌వర్క్‌లో దొరికింది. స్టేషన్‌కు వెళ్లి అప్పగించి వచ్చాడు. కుర్రాడి నంబర్ పనిచేయడం లేదు.

ఆయనకు ఏ తలుపు తట్టమని చెప్పను? అమ్మింది వ్యాపారి కాదు, ఒక్క ఫోన్ అమ్మిన మనిషి. వినియోగదారుల కమిషన్ ఆ మనిషి మీద కేసు తీసుకోదు. సివిల్ కోర్టులో దావా వేయొచ్చు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం, అమ్మే హక్కు లేనివాడు అమ్మితే కొన్నవాడికి డబ్బు తిరిగి రావాలి. పోలీసులకు మోసం మీద ఫిర్యాదు ఇవ్వొచ్చు. చెప్పాను. "బావా, ఒక రోజు స్టేషన్‌కెళ్తేనే కూలి పోయింది. కోర్టుకెళ్తే ఇంకెన్ని రోజులు పోతాయి? ఎవడిస్తాడు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

యాప్ ఏమంటుంది? సమాచార సాంకేతిక చట్టం 79వ సెక్షన్ కింద మేం మధ్యవర్తులం, మాకు బాధ్యత లేదంటుంది. ఆ సెక్షన్ ఇచ్చే రక్షణ షరతులతో కూడినది. ఉత్త గోడలాగా ఉండి, తన మీద ఎవరు ఏం అంటించారో తెలియనివాడికి అది సరిపోతుంది. కానీ ఈ గోడ డబ్బు తీసుకుని ఒక ప్రకటనను పైకి తెస్తుంది, "తనిఖీ చేసిన అమ్మకందారు" అని ఆకుపచ్చ టిక్కు పెడుతుంది. టిక్కు చూసే కదా మేస్త్రీ డబ్బు కొట్టాడు!

ఇక యాప్‌లో ఉండే "వివాద పరిష్కార కేంద్రం" సంగతి. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ గ్రామ పంచాయతీ వ్యవస్థను మోయడానికి ఎందుకు ఒప్పుకోలేదో ఈ పోర్టల్ పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. రచ్చబండ మీద తీర్పు చెప్పేవాడు ఎవరి పొలంలో బతుకుతున్నాడో, తీర్పు అటే వంగుతుంది. యాప్‌లోని పరిష్కార కేంద్రం కొత్త రచ్చబండ. అమ్మకందారు నుంచి కమీషన్ తీసుకునే సంస్థే జడ్జి. నెలకు నలభై ల్యాప్‌టాప్‌లు అమ్మేవాడు ఒకవైపు, జీవితంలో ఒకటి కొన్నవాడు ఇంకోవైపు. వాదన వినరు, కారణం రాయరు, "మీ ఫిర్యాదు మూసివేయబడింది" అని ఒక లైను వస్తుంది. అందుకే నాకు జిల్లా కమిషన్ మీద గౌరవం. ఎంత నెమ్మదైనా అక్కడ కారణం రాయాలి.

"చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా" అనేవాళ్లు మనవాళ్లలోనే ఉన్నారు. సెకండ్ హ్యాండ్ మార్కెట్ ఎవరిది? మా గరాచర్మలో కొత్త ఫోన్ కొనేవాళ్లకు, పాత ఫోన్ కొనేవాళ్లకు మధ్య గీత గీస్తే అది ఏ గీత మీదుగా పోతుందో అందరికీ తెలుసు. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వచ్చాక ఇక్కడ ఇంటర్నెట్ బాగుపడింది, చదువు, ఉద్యోగ పరీక్షలు, రేషన్, అన్నీ ఫోన్‌లోకి వెళ్లాయి. ఇప్పుడు ఫోన్ సరదా వస్తువు కాదు. పాతదైనా కొనాల్సిందే.

ఇంకో మాట. అండమాన్ నికోబార్‌లో షెడ్యూల్డ్ కులాల జాబితా లేదు. శ్రీకాకుళంలో మాల, మాదిగ, రెల్లి అయినవాడు ఓడ దిగగానే ఆ లెక్కలోంచి మాయమవుతాడు. కులం మాయం కాదు, కాగితం మాయమవుతుంది. 2011 జనాభా లెక్కల్లో ఇక్కడ ఎస్సీలు సున్నా. అందుకే వినియోగదారుల చట్టం నాకు వేరేగా కనిపించింది. అక్కడ నువ్వు ఎవరివి అని అడగరు, ఏం కొన్నావు అని అడుగుతారు. కానీ వెంటనే బిల్లు ఏది అంటారు. మా మేస్త్రీ దగ్గర కుల ధ్రువపత్రమూ లేదు, బిల్లూ లేదు.

ఆ చట్టంలో సెకండ్ హ్యాండ్ అన్న మాట నాకు కనిపించింది ఒకే చోట, పాత వస్తువును కొత్తదని అమ్మడం అనుచితం అని చెప్పే చోట. కొత్తది కొనేవాడిని పాతదాని నుంచి కాపాడటం వాళ్లకు తట్టింది. పాతదే కొనుక్కునేవాడు ఒకడున్నాడని తట్టినట్టు లేదు. తన పొట్ట కోసం పనిముట్టు కొనుక్కునేవాడు వినియోగదారుడేనని మాత్రం చట్టం స్పష్టంగా చెప్పింది, 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ కేసులో సుప్రీంకోర్టు కూడా వివరించింది. కాబట్టి పాత డ్రిల్ మిషన్, పాత కుట్టు మిషన్ వ్యాపారి దగ్గర కొన్నవాళ్లు "నీది వ్యాపారం కదా" అంటే బెదరక్కర్లేదు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. వేదిక తన చేతుల మీదుగా డబ్బు నడిపిస్తే, కొన్నవాడు వస్తువు చూసుకునే దాకా ఆ డబ్బు పట్టి ఉంచాలి. ద్వీపాలకు ఆ గడువు చేతికి అందిన రోజు నుంచే లెక్కపెట్టాలి. ఏడాదిలో పదికి మించి అమ్మేవాడిని వ్యాపారిగానే చూపించాలి. పది కాకపోతే ఇరవై పెట్టండి, ఏదో ఒక సంఖ్య ఉండాలి. టిక్కు పెట్టిన వేదిక ఆ టిక్కుకు పూచీ పడాలి. ఫోన్ ప్రకటన పెట్టేముందు ఐఎంఈఐ సరిచూడటం వాళ్లకు క్షణం పని. ఆ సమాచారం ప్రభుత్వం దగ్గర ఉంది. ఇక కమిషన్లలో ఖాళీలు. 2021లో సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుని రాష్ట్రాలను మందలించాల్సి వచ్చింది. మూడు నెలల్లో తేల్చాలన్న చట్టం, కుర్చీలో మనిషి లేకపోతే ఏం తేలుస్తుంది? ఇంకొకటి భాష. 2011 లెక్కల్లో ఇక్కడ బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత ఎక్కువమంది మాతృభాష తెలుగు. హెల్ప్‌లైన్ తెలుగులో పలుకుతుంది, కేసు కాగితం మాత్రం నేను ఇంగ్లీషులో టైపు చేసి పెట్టాలి. నా షాపుకు గిరాకీయే, అయినా తప్పు తప్పే.

బాబాసాహెబ్ న్యూయార్క్‌లో చదువుకునే రోజుల్లో పాత పుస్తకాల షాపుల చుట్టూ తిరిగి గుట్టలుగా కొన్నారు. 1917లో ఆయన సామాను వస్తున్న ఓడను టార్పెడోతో ముంచేశారు. ఆ నష్టానికి థామస్ కుక్ కంపెనీ నుంచి పరిహారం వచ్చిందని ధనంజయ్ కీర్ జీవిత చరిత్రలో రాశారు. పాతవి కొన్నాడు కదా అని పరిహారం ఎగ్గొట్టలేదు. ఓడలో సామాను కోసం ఎదురుచూసే మాకు ఈ సంగతి చదివినప్పుడల్లా ఆయన మా వీధి మనిషిలా అనిపిస్తారు.

మేస్త్రీ నిన్న మళ్లీ వచ్చాడు, ఇంకో ప్రకటన చూపించడానికి. 5,800 అట. ఈసారి డబ్బు కొట్టేముందు ఐఎంఈఐ నంబర్ అడగమన్నాను. *#06# నొక్కితే వస్తుంది, కేవైఎం అని రాసి ఆ నంబర్ జోడించి 14422కు మెసేజ్ పెడితే నల్లజాబితాలో ఉందో లేదో తెలుస్తుంది. అమ్మేవాడికి నా ఎదురుగానే మెసేజ్ పెట్టాడు. పావుగంట నా షాపు బల్ల మీద కూర్చున్నాడు. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. "పోనీలే బావా, రేపు చూద్దాం" అని పనికి వెళ్లిపోయాడు.