మాస్టారూ, ఏది చదవమంటారు?

ఏడో తరగతి పరీక్షలైపోయిన వేసవిలో మా ఊరి శాఖా గ్రంథాలయానికి మొదటిసారి ఒక్కణ్ణే వెళ్లాను. పెంకుటింట్లో రెండు గదులు, నాలుగు బీరువాలు, దినపత్రికలు పరిచిన పొడవాటి బల్ల. లైబ్రేరియన్‌గారిని ఊరంతా మాస్టారనే పిలిచేది. ఏం అడగాలో తెలియక బీరువా ముందు నిలబడితే ఆయనే లేచి వచ్చారు. "నవ్వించేది కావాలా, భయపెట్టేది కావాలా?" అన్నారు. నవ్వించేదన్నాను. అసలు అట్ట ఊడిపోయి గుడ్డ బైండు వేసిన 'బారిస్టర్ పార్వతీశం' తీసి చేతిలో పెట్టారు. "మొగల్తూరు కుర్రాడు ఇంగ్లండు బయల్దేరాడు. ఏమయ్యాడో చదివొచ్చి నాకు చెప్పు."

రెండో రోజుకల్లా చెప్పడానికి పరిగెత్తాను. శుక్రవారం గ్రంథాలయానికి సెలవు. తాళం చూసి ఇంటికొచ్చి, ఆ రాత్రి మళ్లీ మొదటి పేజీ నుంచి చదివాను.

పాఠకుడికి తగిన పుస్తకాన్నీ, పుస్తకానికి తగిన పాఠకుడినీ కలపడమే గ్రంథాలయం పని అని ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే సూత్రాలుగా చెప్పారు. ఆ కలిపే పని బీరువాల వల్ల కాదు, కంప్యూటర్ జాబితా వల్లా కాదు. ఎదుటివాడి ముఖం చూసి, తాను చదివింది తలుచుకుని, 'ఇది నీకు నచ్చుతుంది' అనగల మనిషి ఉండాలి. మన గ్రంథాలయోద్యమాన్ని నడిపింది అలాంటివాళ్లే. 1935లో పాతూరి నాగభూషణం పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలువలో పడవ మీద పుస్తకాలు తిప్పారు. వట్టికోట ఆళ్వారుస్వామి తాను అచ్చువేసిన పుస్తకాలను ఊరూరా తిరిగి అమ్మారు. తెచ్చిన మనిషి నాలుగు మాటలు చెప్పకపోతే, పొలం నుంచి వస్తున్న రైతు పుస్తకానికి చెయ్యి చాచేవాడా?

ఇవాళ ఏ పెద్ద గ్రంథాలయానికి వెళ్లినా హాలు నిండుగా ఉంటుంది. గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ, కానిస్టేబుల్ ఉద్యోగాలకూ చదివే పిల్లలు మధ్యాహ్నం డబ్బా వెంట తెచ్చుకుని రాత్రిదాకా కూర్చుంటారు. ఇంట్లో చోటులేని పిల్లలకు అక్కడ ఒక కుర్చీ, ఒక ఫ్యాను దొరకడం గొప్ప మేలు. నా బాధ పక్కగది గురించి. ఈమధ్య ఒకచోట నవలల బీరువా తాళం తీయించి డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' తీశాను. లోపల అంటించిన గడువు చీటీ మీద చివరి ముద్ర పదమూడేళ్ల కిందటిది. విశాఖపట్నంలో ఉద్యోగం చేసి తండ్రిని పోషిస్తూ, తన బతుకు సంగతి తానే తేల్చుకునే ఇందిర ఇన్నేళ్లూ ఆ చీకట్లోనే ఉంది. గోడకు అవతల చదువుకుంటున్న అమ్మాయిల్లో ఒక్కరికీ ఆమె ఇక్కడుందని తెలియదు.

నేను అడిగేది చిన్న పని. ఏప్రిల్ చివర్లో బడులకు సెలవులిచ్చే ముందు ప్రతి గ్రంథాలయంలో గుమ్మం పక్కన ఒక బల్ల వెయ్యండి. 'మా సిబ్బందికి నచ్చిన నవలలు' అని రాసి పది పుస్తకాలు పెట్టండి. ఒక్కో పుస్తకంలో సొంత దస్తూరీతో రెండు వాక్యాల చీటీ: ఇది ఎవరికి, ఎందుకు. మూలన పడేసిన పాత కేటలాగు కార్డుల వెనకవైపు ఖాళీయే, దానికవి చాలు. అటెండరు మెచ్చిన నవలకూ ఆ బల్ల మీద చోటుండాలి.

నన్ను రాయమంటే మూడు చీటీలు రాస్తాను. హాల్లో చదువుకునే కుర్రాడికి సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం': ఉద్యోగం దొరక్క ఊరికి చేరిన యువకుడు కరువు రోజుల్లో గొర్రెల మంద వెంట నల్లమల ఎక్కుతాడు, అడవి అతనికి ధైర్యం నేర్పుతుంది. చదవడం మానేసి ఏళ్లయినవాళ్లకు డాక్టర్ కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు': అడవిలో ఈనిన పందిని వెతుక్కుంటూ వెళ్లిన ముసలివాడి ఒక్క రాత్రి, ఒక్క పూటలో పూర్తవుతుంది. గడీల సంగతులు తాతల నోట విన్నవాళ్లకు దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు'.

పైనుంచి ఒకే జాబితా పంపితే సరిపోదా అని అడగవచ్చు. సరిపోదు. గోడకు అంటించిన జాబితా పుస్తకం తిరిగిచ్చేటప్పుడు 'ఎలా ఉంది?' అని అడగదు. ఆ ప్రశ్న కోసమే నేను రెండు రోజుల్లో పుస్తకం పూర్తిచేశాను.

ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఆ డబ్బు పుస్తకాలకూ, వాటిని చదివి చెప్పే మనుషులకూ చేరాలి. ఒక్కరే రెండు మూడు శాఖల తాళాలు పట్టుకుని తిరుగుతుంటే నవల చదివే తీరిక వారికెక్కడిది? ఖాళీలు నింపమని ప్రభుత్వాలను అడగడం పాఠకులుగా మన హక్కు. ఈ సెలవుల్లో పిల్లల్ని వెంటబెట్టుకెళ్లి, 'మీకు బాగా నచ్చిన నవల ఏదండీ?' అని కౌంటరు దగ్గర అడగడం మన వంతు. అడిగేవాళ్లుంటే చెప్పేవాళ్లూ తయారవుతారు.

'కాలాతీత వ్యక్తులు' నాతో ఇంటికి తెచ్చుకున్నాను. పదమూడేళ్ల కిందటి ముద్ర కింద కొత్త తేదీ పడింది. గడువులోగా తిరిగిచ్చేటప్పుడు లోపల ఒక చీటీ పెడతాను. బీరువాలో కాకుండా బల్ల మీద ఉంచమని అడుగుతాను.