విమానాశ్రయానికీ వినోదవనానికీ నడుమ

దేశాటనం వల్ల బుద్ధి వికసిస్తుందని మన పెద్దల విశ్వాసం. 1325లో హజ్ యాత్రకై టాంజియర్ నుండి బయలుదేరిన ఇబ్న్ బతూతా సుమారు ముప్పది సంవత్సరాలు దేశాలు తిరిగినాడు. అతడు చూచినవి కట్టడాలు మాత్రమే కావు. ఆ యా ఊళ్ళ బజారులను, భోజనాలను, న్యాయస్థానాలను, మనుష్యులను చూచినాడు. నేటి యాత్రికునికి అసలు ఊరు కనబడుతున్నదా అన్నదే నా ప్రశ్న.

అమెరికాలోని ఆర్లండో నగరం ఇందుకు మంచి నిదర్శనం. ఒకప్పుడు నారింజ తోటలకు పేరుపొందిన ఆ ప్రాంతంలో వాల్ట్ డిస్నీ సంస్థ సుమారు 27,000 ఎకరాల భూమిని కొని, 1971 అక్టోబరులో వినోదవనాన్ని ప్రారంభించింది. మెకాయ్ వైమానిక స్థావరం క్రమంగా పౌర విమానాశ్రయంగా మారింది. విమానాలు జనాన్ని తెచ్చాయి; వనం వారిని నాలుగు రోజులు నిలిపింది; ఆ రద్దీ మరిన్ని విమానాలను రప్పించింది. ఒకటి లేనిదే రెండవది అంతగా పెరిగేది కాదు. వేలాది కుటుంబాలకు దానివల్ల జీవనోపాధి లభించిందన్న మాట కాదనరానిది.

అయితే మరొక సంగతి ఉన్నది. 2005 నుండి 2022 ఆరంభం వరకు డిస్నీ సంస్థ తన అతిథులను విమానాశ్రయం నుండి నేరుగా తన హోటళ్ళకు ఉచితంగా బస్సులలో చేరవేసింది. అట్టి యాత్రికుడు ఆర్లండోకు వెళ్ళివచ్చానని చెప్పుకుంటాడు గాని, ఆ ఊరి వీధిలో కాలుపెట్టి ఉండడు. ఊరి పేరు టిక్కెట్టు మీద మిగిలింది.

మన హైదరాబాదు సంగతి ఏమి? 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం ప్రారంభమైంది. 1996లో వెలసిన రామోజీ ఫిల్మ్ సిటీ నగరానికి తూర్పున విజయవాడ రహదారి పక్కన ఉన్నది. విమానం దిగినవారు బాహ్యవలయ రహదారి పట్టుకొని పెద్ద అంబర్‌పేట మీదుగా నగరంలో అడుగిడకుండానే అక్కడికి చేరవచ్చును. చిత్రమేమనగా, నిజమైన విమానాశ్రయంలో దిగినవాడు అక్కడ సినిమాల కోసం కట్టిన విమానాశ్రయాన్ని చూచి ఆనందిస్తాడు! ఇక నగరానికి వచ్చేవారికై 2009లో ఆరాంఘర్ నుండి మెహిదీపట్నం వరకు పదకొండు కిలోమీటర్లకు పైగా ఎత్తైన వంతెన వెలసింది. దాని మీద పోయేవారికి క్రింది బస్తీల మేడల పైకప్పులే దర్శనం.

1591 నాటి చార్మినారుకు జనం రావటం లేదని నేను అనను. వస్తున్నారు, ఫోటో దిగి వెళ్ళిపోతున్నారు. లాడ్ బజారులో కొలిమి ముందు కూర్చుండి లక్కగాజుకు రాళ్ళు పొదిగే మనిషి వద్ద అరగంట నిలిచేవారు ఎందరు? వినోదవనంలో ఒక రోజంతా గడిపే యాత్రికునికి పాతనగరంలో గడపటానికి వ్యవధి ఉండదు. అతని సొమ్ము ఎక్కడ ఆగితే అక్కడే పొయ్యి వెలుగుతుంది.

వినోదవనాలు వద్దని నా వాదం కాదు. పిల్లలకు ఆటపాటలు కావలసిందే. కాని రహదారి వేసేవారు, ప్రయాణ పథకాలు రచించేవారు ఊరిని మధ్యలో వదలివేయరాదు. నాంపల్లి స్టేషను చేరువలో సరాయి కట్టించిన నిజాం కాలపు వారికి ఈ విషయం తెలుసు. బాటసారి బస నగరం నడుమ ఉంటేనే అతని రాక నగరానికి మేలు చేస్తుంది.

విద్యార్థులారా! మీలో అనేకులకు ఉర్దూ, తెలుగు రెండూ కరతలామలకాలు. పాతబస్తీ గల్లీలు మీకు తెలిసినంతగా ఏ మార్గదర్శక గ్రంథానికీ తెలియవు. చరిత్రను శ్రద్ధగా చదివి, యాత్రికునికి ఊరు చూపే విద్యను వృత్తిగా స్వీకరించండి. అందులో అన్నమున్నది, గౌరవమున్నది. మెహమాన్‌ను పిలిచి, ఇల్లు చూపకుండా పెరటి దారిన పంపివేయటం హైదరాబాదు మర్యాద కాదు.