అమ్మ పాట ఏ షాపులోనూ దొరకదు

గల్ఫ్‌కు వచ్చిన కొత్తలో మనలో చాలామందికి ఇరవై, ఇరవై ఐదేళ్లు. ఇప్పుడు నలభైకి దగ్గరపడ్డాం. మీసంలో తెల్ల వెంట్రుక కనబడితే అద్దం ముందు నిలబడి పీకేస్తున్నాం. మన వయసు మనకు తెలుస్తూనే ఉంది. ఊళ్లో అమ్మానాన్నలకు కూడా అంతే వయసు పెరిగిందన్న సంగతి మాత్రం లీవుకు వెళ్లినప్పుడే తెలుస్తుంది. రెండేళ్లకోసారి చూస్తాం కాబట్టి, రెండేళ్ల ముసలితనం ఒక్కసారే కంటపడుతుంది.

వాళ్ల మందులకు, కంటి ఆపరేషన్‌కు డబ్బు పంపుతున్నాం. అది మన ధర్మం. ఈ వారం చెప్పదలచుకున్నది డబ్బుతో పనిలేని విషయం. అమ్మకూ నాన్నకూ వచ్చిన పాటలను వాళ్ల గొంతుతోనే, ఇప్పుడే రికార్డు చేసి పెట్టుకోవాలి.

పాటలకేం కరువు, ఫోన్ నిండా ఉన్నాయి కదా అంటారు. నిజమే. ఘంటసాల 1974లో పోయారు, బాలు 2020లో పోయారు. అయినా ఈ రాత్రి కావాలంటే ఈ రాత్రే వాళ్ల పాట వినవచ్చు. ఎందుకంటే వాళ్ల గొంతును రికార్డు చేసి దాచారు. మన అమ్మ గొంతును ఎవరు దాచారు? బతుకమ్మ ఆడేటప్పుడు ఆమె ముందు పాడితే వాడకట్టంతా అందుకునేది. కరీంనగర్ వైపు చిరుతల రామాయణంలో వేషం కట్టిన నాన్నలు ఉన్నారు. కడప వైపు చెక్కభజనలో తెల్లవార్లూ పాడిన పెదనాన్నలు ఉన్నారు. ఊరు మారితే వరస మారుతుంది. మన ఊరి వరస ఏ షాపులోనూ అమ్మరు.

నాట్ల పాటల సంగతే చూడండి. కరీంనగర్, నిజామాబాద్ వైపు చాలా ఊళ్లలో ఇప్పుడు నాట్లకు బీహార్, బెంగాల్ నుంచి కూలీలు వస్తున్నారు. మనం ఇక్కడికి వచ్చాం, వాళ్లు అక్కడికి వచ్చారు. మధ్యలో మన నాటు పాట ఆగిపోయింది. ఇప్పుడది ఎక్కువగా అరవై దాటిన ఆడవాళ్ల నోట్లోనే మిగిలింది.

ఈ విషయంలో మన ముందు వచ్చినవాళ్లే నయం. 1980లలో, 90లలో ఫోన్ ఖర్చు భరించలేక, ఉత్తరం రాయడం రాక, క్యాసెట్‌లో మాటలు నింపి ఊరికి వెళ్లేవారి చేతికి ఇచ్చేవారు. ఇంటిల్లిపాదీ టేప్ రికార్డర్ చుట్టూ కూర్చుని విని, తిరుగు క్యాసెట్ నింపి పంపేవారు. అంత తిప్పలు పడి గొంతు దాచుకున్నారు. ఇవాళ పైసా ఖర్చు లేకుండా రికార్డు చేసే ఫోన్ మన చేతిలో ఉంది. మనం మాత్రం తిన్నావా, మందులు వేసుకున్నావా, డబ్బు అందిందా అని మూడు ముక్కలు అడిగి పెట్టేస్తున్నాం.

క్యాంపు ఆఫీసులో ఎమర్జెన్సీ లీవు కాగితాలు రాస్తుంటాను. పాస్‌పోర్టు, టికెట్టు చేతికొచ్చి, విమానం దిగి ఊరు చేరేసరికి కొందరికి అంతా అయిపోయి ఉంటుంది. తిరిగి వచ్చినవారి ఫోన్లలో అమ్మ ఫోటో ఉంటుంది, నాన్న ఫోటో ఉంటుంది. గొంతు మాత్రం ఉండదు.

అడిగితే "నాకేం పాటలొచ్చురా" అంటారు. సిగ్గుపడతారు. నిన్న తిన్న కూర మరిచిపోయే వయసులో కూడా, పడుచుతనంలో నేర్చిన పాట గుర్తుంటుంది. మొదటి చరణం మీరే తప్పుగా పాడండి, సరిదిద్దడానికైనా వాళ్లు అందుకుంటారు. లేదా మనవడితోనో మనవరాలితోనో అడిగించండి.

మనం డ్యూటీ దిగి, వంట చేసుకుని ఫోన్ పట్టేసరికి రాత్రి 8:30 అవుతుంది. దుబాయిలో 8:30 అంటే ఊళ్లో 10 గంటలు. కువైట్, సౌదీ, ఖతర్‌లో ఉన్నవారికైతే 11. ముసలివాళ్లు పడుకునే వేళ అది. కాబట్టి సెలవు రోజు పొద్దున చేయండి. చెవులు మందగించినవారితో అరిచి మాట్లాడవద్దు. కీచుగొంతు వాళ్లకు ఇంకా తెలియదు. నిదానంగా, కొంచెం బొంగురు గొంతుతో చెబితే అర్థమవుతుంది.

పాటను ఫోన్ కాల్‌లో కాకుండా ఇంట్లోనే రికార్డు చేయించండి. ఫ్యాను ఆపి, ఫోన్ దగ్గరగా పెట్టి పాడించి, వాయిస్ మెసేజ్‌గా పంపమనండి. చివర పేరు, ఊరు, తారీఖు, ఆ పాట ఎవరు నేర్పారో కూడా వాళ్ల నోటనే చెప్పించండి. ఫోన్ పగిలితే పాట కూడా పోతుంది కనుక మెమరీ కార్డులో ఒకటి, తమ్ముడి దగ్గర ఒకటి ఉంచండి. మధ్యలో దగ్గు వచ్చినా, మాట మరిచి నవ్వినా చెరిపేయవద్దు. అది కూడా వాళ్లదే.

పంపిన డబ్బు ఖర్చయిపోతుంది, కట్టిన ఇల్లు పాతబడుతుంది. రేపు మన పిల్లలు నాయనమ్మ ఎలా పాడేదని అడిగితే, వినిపించడానికి మన దగ్గర ఒక్క పాటైనా ఉండాలి కదా! ఈ సెలవు రోజున డబ్బు లెక్కల కంటే ముందు ఒక పాట అడగండి.