విడాకుల లెక్కలో కనపడనివారు

కుటుంబ సదస్సుల్లో, స్త్రీల సమాజం కూడికల్లో, చివరికి పెళ్లి విందుల్లో కూడా ఈ మధ్య ఒకే మాట వినబడుతోంది. విడాకులు పెరిగిపోతున్నాయి, ఆడపిల్లలు సంపాదనకు అలవాటుపడ్డాకే ఈ రోజులొచ్చాయి అని. ఈ మాటలో రెండు సంగతులున్నాయి. ఒకటి లెక్క, రెండోది కారణం. లెక్క సగమే నిజం. కారణం మాత్రం ప్రసంగ వేదిక మీద చెప్పేముందు కాస్త ఆగి ఆలోచించవలసింది.

ముందు లెక్క చూద్దాం. 2011 జనగణన ప్రకారం దేశంలో విడాకులు తీసుకున్నవారు సుమారు 13.6 లక్షలు. పెళ్లయినవారితో పోలిస్తే ఇది 0.24 శాతం, అంటే వెయ్యికి ఇద్దరో ముగ్గురో. 2021లో జరగవలసిన జనగణన వాయిదాపడింది కాబట్టి దేశమంతటికీ మన చేతిలో ఉన్న పూర్తి లెక్క ఇదే. ఇంతమాత్రానికే ఇంత గగ్గోలా అనిపించవచ్చు. కానీ అదే జనగణనలో పక్కన ఇంకో గడి ఉంది: కోర్టు మెట్లెక్కకుండానే విడిగా బతుకుతున్నవారు. వీరు విడాకులు తీసుకున్నవారికి దాదాపు మూడు రెట్లు. ఈ లెక్కలను సూరజ్ జాకబ్, శ్రీపర్ణ చటోపాధ్యాయ అనే పరిశోధకులు 2016లో విశ్లేషించారు. రెండు గడుల్లోనూ మగవారికంటే ఆడవారే ఎక్కువని చూపించారు. ఒక పెళ్లి విడిపోతే ఇటొకరు అటొకరు మిగలాలి గదా, మరి ఈ తేడా ఎక్కడిది? అతను మళ్లీ పెళ్లి చేసుకుని ‘వివాహితుడు’ అనే గడిలోకి వెళ్లిపోతాడు. ఆమె ఉన్నచోటే ఉండిపోతుంది.

క్రైస్తవ పాఠకులు ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి ఒకటుంది. రాష్ట్రాలవారీగా చూస్తే విడాకుల శాతం అత్యధికంగా ఉన్నది మిజోరంలో, నాలుగు శాతం పైన. అక్కడి జనాభాలో నూటికి ఎనభై మందికి పైగా క్రైస్తవులు. అతి తక్కువ ఉన్న రాష్ట్రాల్లో బీహారు, ఉత్తరప్రదేశ్ ఉన్నాయి. మరి మిజో సంఘాల్లో విశ్వాసం తక్కువని, బీహారులో కాపురాలు చల్లగా ఉన్నాయని అందామా? అనలేం. మిజోల ఆచారంలో విడిపోవడం ఎప్పటినుంచో సులువు. అక్కడి స్త్రీలు అంగళ్లలో, పొలాల్లో స్వేచ్ఛగా మసలేవారు. ఉత్తరాదిలో ఆడపిల్ల పుట్టింటికి తిరిగి రావడమే పరువు తక్కువ. కాబట్టి విడాకుల శాతం కాపురాల ఆరోగ్యాన్ని కొలిచే థర్మామీటరు కాదు. ఆ కాపురంలోంచి బయటికి రావడానికి దారి ఉందా లేదా అన్నదాన్నే అది ఎక్కువగా కొలుస్తుంది.

మన ప్రాంతపు పాత కథ కూడా ఇదే చెబుతుంది. పూర్వం విడాకులే లేవని మనం అనుకుంటాం. ఉత్తరాంధ్రలోనూ, కోస్తాలోనూ కష్టం చేసుకుని బతికే అనేక కులాల్లో కులపెద్దల ఎదుట తెగతెంపులు చేసుకోవడం, ఓలి తిరిగి ఇచ్చెయ్యడం, ఆమె మారుమనువు వెళ్లడం మామూలు సంగతి. 1955 హిందూ వివాహ చట్టం కూడా ఇలాంటి ఆచార విడాకులను తోసివేయలేదు, 29వ సెక్షనులో అలాగే ఉంచింది. పెళ్లి అంటే ఏడేడు జన్మల బంధం, విడిపోతే నలుగురిలో తలెత్తుకోలేం అన్నది పై కులాల నడవడి. కింది కులాలు చదువుకుని నాలుగు రాళ్లు వెనకేసుకున్నకొద్దీ పరువు పేరిట ఆ నడవడినే నేర్చుకున్నాయి. మన సంఘాల్లోకి అది వాక్యం ద్వారా వచ్చినంతగా పొరుగింటి పరువు ద్వారా కూడా వచ్చిందని నా అభిప్రాయం.

పైగా క్రైస్తవులకు చట్టం కూడా తలుపు మూసిపెట్టింది. 1869 నాటి విడాకుల చట్టం ప్రకారం భర్త విడాకులు కోరాలంటే భార్య వ్యభిచారం ఒక్కటి రుజువు చేస్తే చాలు. భార్య కోరాలంటే మాత్రం భర్త వ్యభిచారం ఒక్కటే సరిపోదు, దానితోపాటు క్రూరత్వమో, విడిచిపెట్టి వెళ్లడమో కూడా రుజువు చెయ్యాలి. అదంతా చేసినా జిల్లా కోర్టు తీర్పును హైకోర్టు ఖరారు చేయాలి. తాగి వచ్చి రోజూ కొట్టేవాడు పరస్త్రీ జోలికి వెళ్లకపోతే ఆమెకు దారే లేదు. 1995లో కేరళ హైకోర్టు ఈ అన్యాయాన్ని కొంత కొట్టివేసింది. 2001లో పార్లమెంటు చట్టాన్ని సవరించాకే భార్యాభర్తలకు సమానమైన కారణాలు, పరస్పర అంగీకారంతో విడాకులు వచ్చాయి. ఆ అంగీకారపు విడాకులకు కూడా హిందువులకు ఏడాది ఎడబాటు చాలు, మనకు రెండేళ్లు అని రాశారు. ఇది న్యాయం కాదని కేరళ హైకోర్టు 2010లో దాన్ని ఏడాదికి తగ్గించింది. ఇక 2001 తరువాత క్రైస్తవ విడాకులు పెరిగాయంటే అందులో కొంతభాగం కొత్తగా విరిగిన కాపురాలు కావు. ఎప్పుడో విరిగి, కాగితం లేక ఆగినవి.

ఇప్పుడు కారణం సంగతికి వద్దాం. అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం మండలంలోని కొండకర్లనే తీసుకోండి. బయటివారికి ఆ ఊరు ఆవకూ, వలస పక్షులకూ, తాటిదోనెలకూ పేరు. చుట్టుపక్కల ఊళ్లవారికి మాత్రం గత ఇరవయ్యేళ్లలో వచ్చిన పెద్ద మార్పు షిఫ్టు బస్సు. అచ్యుతాపురం సెజ్‌లో మందుల కంపెనీలు వచ్చాయి. పక్కనే బ్రాండిక్స్ దుస్తుల పార్కులో వేలమంది పనిచేస్తున్నారు, వారిలో అత్యధికులు స్త్రీలు. చుట్టూ ఉన్న పల్లెల నుంచి తెల్లవారకముందే టిఫిను డబ్బా పట్టుకుని బస్సెక్కుతారు. ఊడ్పులకూ, కోతలకూ వెళ్లిన తల్లుల కూలి డబ్బు ఇంటి మగవాడి చేతికి చేరేది. ఈ కూతుళ్ల జీతం నెలనెలా సొంత బ్యాంకు ఖాతాలో పడుతుంది. పీఎఫ్ కూడా ఆమె పేరునే.

దీనివల్ల కాపురాలు కూలుతున్నాయా? సామాజిక శాస్త్రవేత్తలు ఈ ప్రశ్నను చాలాకాలంగా తవ్వుతున్నారు. భార్య సంపాదిస్తే ఒకరిమీద ఒకరు ఆధారపడటం తగ్గి పెళ్లి బలహీనపడుతుందని అమెరికాలో గ్యారీ బెకర్ వంటి ఆర్థికవేత్తలు వాదించారు. 2002లో రాబర్ట్ షోయెన్ బృందం అక్కడి కుటుంబాలను పరిశీలించి ఆ మాటను సరిదిద్దింది. సంతోషంగా ఉన్న కాపురాల్లో భార్య ఉద్యోగం విడాకులకు దారితీయడం లేదు, ఇద్దరూ సంతోషంగా లేని కాపురాల్లోనే దారితీస్తోంది. తేలికగా చెప్పాలంటే జీతం చెడ్డ కాపురాన్ని పుట్టించదు, చెడ్డ కాపురంలో ఆమెను కట్టిపడేసిన ఆకలి భయాన్ని మాత్రం తీసేస్తుంది. ఆ భయం తీసేస్తే పడిపోయే పెళ్లిని ఏది నిలబెట్టిందో మనం ఒప్పుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పెళ్లయిన స్త్రీలలో పదికి ముగ్గురు భర్త చేతిలో హింస చూశామని చెప్పారు. మన రాష్ట్రం దీనికి మినహాయింపు కాదు. 20-24 ఏళ్ల యువతుల్లో 29.3 శాతం మందికి పద్ధెనిమిది నిండకముందే పెళ్లయిందని కూడా అదే సర్వే ఆంధ్రప్రదేశ్ గురించి చెప్పింది. పదహారేళ్లకు తాళి కట్టించి, ఇరవై ఆరేళ్లకు ఆమె నోరు విప్పితే ఉద్యోగాన్ని నిందించడం ఎక్కడి న్యాయం?

విడాకులు ఒకసారి మొదలైతే పెరుగుతూనే పోతాయన్నదీ నిజం కాదు. అమెరికాలో 1970 నుంచి కాలిఫోర్నియాతో మొదలుపెట్టి రాష్ట్రాలు ఒక్కొక్కటిగా తప్పు రుజువు చేయనక్కరలేని విడాకులను అనుమతించాయి. 1980ల మొదట్లో రేటు శిఖరానికి చేరి, అక్కణ్ణుంచి తగ్గుతూ వచ్చింది. ఆలస్యంగా, చదువు ముగించి, చూసుకుని పెళ్లి చేసుకునేవారు పెరగడం ఒక కారణం. పెళ్లే చేసుకోనివారు పెరగడం ఇంకో కారణం, అది మనం సంతోషించదగ్గది కాదు. విలియం గూడ్ అనే సామాజిక శాస్త్రవేత్త ఇంకో సంగతి గమనించాడు. విడాకులు ఖరీదైనంతకాలం అవి కలిగినవారికే దొరుకుతాయి, చవకయ్యాక పేదవారిలో పెరుగుతాయి. అక్కడ ఇప్పుడు పట్టభద్రులకంటే చదువు తక్కువైనవారి కాపురాలే ఎక్కువగా విడిపోతున్నాయి. అప్పు, నిలకడలేని పని, తాగుడు, ఊరు విడిచి వెళ్లే వలస ఇవన్నీ మన దగ్గరా ఉన్నాయి. భర్త హైదరాబాదులోనో చెన్నైలోనో మేస్త్రి పనికి వెళ్లి, మొదట నెలకోసారి, తరువాత పండగకోసారి, ఆ తరువాత ఫోను మాత్రమే. కోర్టు లేదు, తగువు లేదు. జనగణనలో ఆమె ఏ గడిలోకి వెళ్లాలో ఆమెకే తెలియదు.

మన సంఘాల్లో దీనికి మరో ముడి ఉంది. దీన్ని గురించి ఎవరూ పెదవి విప్పరు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. అందుకే మందిరంలో పెళ్లి చేసుకున్న చాలామంది కాగితాల్లో హిందువులుగానే ఉంటారు. పైగా 1872 క్రైస్తవ వివాహ చట్టం కింద పెళ్లి జరిపించే లైసెన్సు లేని కాపరులూ ఉన్నారు. కాపురం బాగున్నంతకాలం ఇది ఎవరికీ పట్టదు. చెడ్డాక లాయరు అడిగే మొదటి ప్రశ్న, పెళ్లి ఏ చట్టం కింద జరిగింది, రుజువేది? పెళ్లి ఫోటోలు తప్ప ఆమె దగ్గర ఏమీ ఉండదు. మనోవర్తి ఎగ్గొట్టాలనుకునే భర్తకు, ఈ పెళ్లే చెల్లదని వాదించడానికి మనమే సందు ఇచ్చినవారమవుతాం. సంఘ పెద్దలు కూర్చుని రాసిచ్చిన విడుదల కాగితమూ చట్టంలో నిలవదు. సంఘ న్యాయస్థానం ఇచ్చిన రద్దు చట్టరీత్యా విడాకులు కాదని సుప్రీంకోర్టు 1996లోనూ, తిరిగి 2017లోనూ చెప్పింది.

ద్వితీయోపదేశకాండము 24లోని పరిత్యాగ పత్రికను మనం ఎప్పుడూ కఠిన హృదయానికి గుర్తుగానే చదువుతాం. మత్తయి 19లో ప్రభువు మాట అదే కాబట్టి చదవాలి కూడా. కానీ ఆ పత్రిక చేతిలో ఉన్న స్త్రీ ఎవరికి ఏమవుతుందో లోకానికి తెలుసు. మన ఊళ్లలో వదిలివేయబడిన సహోదరికి భర్తా లేడు, పత్రికా లేదు. సర్దుకో అమ్మా అని ఆమెను మూడుసార్లు తిరిగి పంపినవారు, నాలుగోసారి అతణ్ణి పిలిపించి మాట్లాడారా అన్నది ప్రతి సంఘ కమిటీ తన మినిట్సు పుస్తకం తెరచి చూసుకోవచ్చు.

చేయగలిగిన పనులు చిన్నవే. వివాహ ప్రకటన చదివేముందు ఇద్దరి వయసు ధ్రువపత్రాలు చూడాలి. లైసెన్సున్న కాపరి చేత పెళ్లి జరిపించి, సర్టిఫికెట్టు ఇద్దరి చేతుల్లోనూ పెట్టాలి. ఇంటికి తిరిగివచ్చిన ఆడపిల్లకు ఒక సంగతి చెప్పాలి: 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా ప్రతి స్త్రీకీ ఉచితంగా లాయరును ఇస్తారు. అందుకు 15100కు ఫోను చేయవచ్చు, ఇంట్లో దెబ్బలు తింటుంటే 181కి. ఈ రెండు నంబర్లూ మందిరం నోటీసు బోర్డు మీద, ఆరాధన వేళల కింద రాయడానికి కాస్త చోటు సరిపోతుంది.